హైస్కూలులో పుస్తకానికి ఒక పీరియడ్

అక్షరం ఎంత పని చేయగలదో నెల్లూరు జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఇక్కడి పల్లెల్లోకి వచ్చింది. పగలంతా కూలికి పోయి, రాత్రి బడిలో వాచకం పట్టిన ఆడవాళ్లు అందులో సీతమ్మ కథ చదివారు. అది సారాతో కూలిపోయిన కాపురం కథ. దూబగుంటలో ఆ పాఠం చదివినవాళ్లు తమ ఇళ్ల గురించే మాట్లాడుకున్నారు, వర్ధినేని రోశమ్మలాంటి వాళ్లు ముందు నడవగా ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ తర్వాత వచ్చిన వాచకంలో దూబగుంట కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. దాన్ని చదివిన ఇతర ఊళ్ల ఆడవాళ్లు సారా వేలం పాటలకు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఒక్క పాఠమే ఇంత పని చేసిందని అనలేం. ఇళ్లలో హింస, చేతికందకుండా పోయే కూలి డబ్బు, అండగా నిలిచిన సంఘాలు, అన్నీ కలిస్తేనే అది ఉద్యమమైంది. కానీ చెదురుమదురుగా ఉన్న కోపానికి ఒక ఆకారం ఇచ్చింది మాత్రం కలిసి చదువుకున్న ఆ నాలుగు పేజీలే.

ఆ రాత్రి బడుల్లో ఉన్నవేమిటో గమనించాలి. రోజూ చదవడానికంటూ ఒక వేళ ఉంది. చదివేది తమ బతుకుకు దగ్గరగా ఉంది. చదివినదాని గురించి మాట్లాడుకునే మనుషులు పక్కనే ఉన్నారు. ఆ కథ మీద ఐదు మార్కుల ప్రశ్న, ఖాళీలు పూరించండి లాంటివి లేవు. ఆనాడు రాత్రి బడికి వెళ్లినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఇప్పుడు హైస్కూళ్లలో ఉన్నారు. వాళ్లకు పాఠ్యపుస్తకాలున్నాయి, యూనిఫారం ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, ఇంట్లో ఫోను ఉంది. కానీ తమకు నచ్చిన పుస్తకం చదువుకోవడానికి ఒక వేళ, చేతికందే పుస్తకం, దాని గురించి మాట్లాడేవాళ్లు, ఈ మూడూ ఒకచోట దొరకడం అరుదు. పిల్లలు చదవడం లేదని పెద్దలు బాధపడటం ప్రతి సభలోనూ వింటున్నాం. బాధ నిజమే, వేలు చూపించే వైపు మాత్రం తప్పు. చదవమని చెప్పినంత మాత్రాన ఎవరూ పాఠకులు కారు. చదవడానికి బడే వేళ ఇవ్వాలి.

పరిస్థితి ఏమిటో ముందు చూద్దాం. ప్రథమ్ సంస్థ 2023లో గ్రామీణ ప్రాంతాల్లోని 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద చేసిన 'అసర్' సర్వేలో దాదాపు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. అదే సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది. ఈ లెక్క వచ్చినప్పుడల్లా మన చర్చంతా చదవలేని ఆ నాలుగో వంతు చుట్టూ తిరుగుతుంది, తిరగాలి కూడా. అయితే మిగిలిన మూడు వంతుల మంది సంగతి ఎవరూ అడగరు. వాళ్లకు చదవడం వచ్చు. వచ్చినా, పాఠ్యపుస్తకం, గైడు, ఫోను తెర దాటి మరో పేజీ చదవరు. వచ్చిన విద్య వాడకం లేక మొద్దుబారుతుంది. ఈ రెండు గుంపులకూ కావలసిన మందు ఒకటే కావడం విశేషం. తడబడే పిల్లకు కావలసింది తేలికైన కథలు బోలెడన్ని చదివే అవకాశం. ధారాళంగా చదివే పిల్లకు కావలసింది తన ఊహకు సరిపడే పెద్ద పుస్తకం.

మనుబోలులాంటి మండల కేంద్రంలో హైస్కూలు పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. ఇటు నెల్లూరు, అటు గూడూరు. మధ్యలో జాతీయ రహదారి, రైలు మార్గం. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు సైకిళ్ల మీద, ఆటోల్లో వస్తారు. బడి గంట కొట్టగానే ఆ ఆటో అందుకోవాలి. ఆరో తరగతిలో కథ అంటే చెవి కోసుకునే పిల్లలే తొమ్మిదికి వచ్చేసరికి కథను ప్రశ్నలు, జవాబులుగా చూడటం నేర్చుకుంటారు. ఎఫ్ఏ పరీక్ష అయిపోగానే ఎస్ఏ, ఎస్ఏ అయిపోగానే మళ్లీ ఎఫ్ఏ. పదో తరగతిలో అయితే పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్. తెలుగు ఉపవాచకాన్ని సైతం మొదటి నుంచి చివరి దాకా కథగా చదివినవాళ్లకంటే, పాత్రల స్వభావాలను గైడులోంచి బట్టీ పట్టినవాళ్లే ఎక్కువ. చట్టం కూడా ఈ వయసు దగ్గరే చెయ్యి వదిలేస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలని రాసి ఉంది. కానీ ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే. ఆరు నుంచి పది దాకా ఒకే ఆవరణలో ఉంటాయి కాబట్టి పుస్తకాల బీరువా అక్కడే ఉండొచ్చు. దాని తలుపు తొమ్మిదో తరగతి పిల్ల కోసం తెరుచుకుంటుందా అన్నదే ప్రశ్న.

ఈ వయసులో సొంతంగా చదవడం వల్ల నిజంగా ఒరిగేదేమిటని తల్లిదండ్రులు అడిగితే, దానికి గట్టి జవాబుంది. బ్రిటన్‌లో 1970లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను దశాబ్దాల తరబడి వెంబడించిన అధ్యయనం ఒకటుంది. లండన్‌లోని పరిశోధకులు ఆలిస్ సలివన్, మాట్ బ్రౌన్ 2013లో ఆ సమాచారాన్ని విశ్లేషించారు. పదేళ్ల నుంచి పదహారేళ్ల మధ్య, అంటే మన లెక్కలో సరిగ్గా హైస్కూలు వయసులో, తమ ఇష్టం కొద్దీ తరచుగా చదివిన పిల్లల ప్రగతి పదసంపదలో 14.4 శాతం, గణితంలో 9.9 శాతం మేర ఎక్కువగా ఉంది. తెలివైన పిల్లలే చదువుతారు, అందుకే మార్కులు కూడా వస్తాయి, ఇందులో పుస్తకం గొప్పేముంది అని ఎవరైనా అనవచ్చు. ఆ అనుమానం సహజమైనదే. అందుకే వాళ్లు పిల్లల చిన్ననాటి పరీక్షల ఫలితాలు, తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం లాంటివి లెక్కలోకి తీసుకుని పోల్చారు. అంతా తీసేసినా తేడా నిలిచింది. పైగా అది తల్లిదండ్రులకు డిగ్రీ ఉండటం వల్ల వచ్చే తేడాకంటే పెద్దది.

గణితం పెరగడం వింతగా తోచవచ్చు గానీ, కాస్త ఆలోచిస్తే వింత కాదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో, లెక్కల్లో పిల్లలు తప్పేది చాలాసార్లు సూత్రం తెలియక కాదు. నాలుగు వరుసల ప్రశ్నలో ఏమిచ్చారు, ఏమడిగారు అన్నది విడదీయలేక. పొడవైన వాక్యం చివరికి వచ్చేదాకా దాని మొదలును మనసులో పట్టి ఉంచడం ఒక సాధన. అది పొడవైన వాక్యాలు వేలకొద్దీ చదివితేనే అబ్బుతుంది. నీట్ జీవశాస్త్రం ప్రశ్నకైనా, గ్రూప్స్ పరీక్ష పేపరుకైనా, బ్యాంకు అప్పు కాగితం మీది షరతులకైనా పనికొచ్చేది ఇదే. దీన్ని కోచింగులో నాలుగు నెలల్లో నేర్పడం సాధ్యం కాదు.

ఇంకొక ఆధారం మన పల్లెలకు మరీ దగ్గరిది. 2000లో జరిగిన మొదటి పీసా పరీక్షల్లో వివిధ దేశాల పదిహేనేళ్ల పిల్లలను పోల్చారు. తల్లిదండ్రులు అట్టడుగు స్థాయి పనులు చేసుకునే ఇళ్ల నుంచి వచ్చి, పుస్తకాల మీద గాఢమైన ఆసక్తి ఉన్న పిల్లల సగటు స్కోరు 540. పెద్ద ఉద్యోగాలున్న ఇళ్లలో పుట్టి, పుస్తకం అంటే అంతగా పట్టని పిల్లల సగటు 491. పుట్టిన ఇంటిని ఎవరూ మార్చలేరు. కూలికి వెళ్లే తల్లి, ఆటో నడిపే తండ్రి తమ బిడ్డకు కార్పొరేట్ హాస్టలు ఫీజు కట్టలేకపోవచ్చు. కానీ వాళ్ల బిడ్డకు బడి ఇవ్వగలిగిన, ఖర్చు దాదాపు లేని ఒక బలం ఇది. అందుకే పుస్తక పఠనాన్ని తీరిక ఉన్నవాళ్ల విలాసంగా చూడటం పేద పిల్లలకు అన్యాయం చేయడమే. కలవారి పిల్లలకు చదివే అలవాటు లేకపోయినా వాళ్లను మోసే మెట్లు చాలా ఉంటాయి. లేనివాళ్ల పిల్లలకు అలా ఉండవు.

ఇక అభ్యంతరాలు. మొదటిది టైము. సిలబస్ పూర్తి కావడమే గగనంగా ఉంటే కథల పుస్తకాలకు పీరియడ్ ఎక్కడి నుంచి తేవాలని ఉపాధ్యాయులు అడుగుతారు. వాళ్ల ఇబ్బంది చిన్నది కాదు, ఆన్‌లైన్ హాజర్లు, యాప్‌లు, నివేదికలు వాళ్ల వేళను ఇప్పటికే తినేస్తున్నాయి. అయినా ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు ఇరవై నిమిషాలు, నిమిషానికి నూరు మాటల చొప్పున నెమ్మదిగా చదివినా రోజుకు రెండు వేల మాటలు. పరీక్షలు, సెలవులు పోను రెండు వందల రోజులు వేసుకుంటే ఏడాదికి నాలుగు లక్షల మాటలు. ఒక మాదిరి నవల యాభై వేల మాటలనుకుంటే ఏడాదికి ఎనిమిది నవలలు. ఆరో తరగతి నుంచి తొమ్మిది పూర్తయ్యేలోగా ముప్పైకి పైగా. పదో తరగతిని పక్కన పెట్టినా సరే. ముప్పై పుస్తకాలు చదివిన పిల్లకు పదో తరగతి సాంఘికశాస్త్రం పాఠం ఒక్కసారికే అర్థమవుతుంది. ఇరవై నిమిషాలు ఇచ్చినందుకు సిలబస్ వెనకపడదు, ముందుకు సాగుతుంది.

రెండో అభ్యంతరం ఫోను. పిల్లలు ఫోనులో రోజంతా చదువుతూనే ఉన్నారు కదా, పుస్తకమే ఎందుకని కొందరు వాదిస్తారు. తెర మీద చదవడం పాపం కాదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని బడి ట్యాబ్‌లో చదివించినా మంచిదే. చిక్కు తెరతో కాదు, తెర మీద జరిగేదానితో. అసర్ సర్వేలోనే ఫోను వాడగల పిల్లల్లో 90 శాతం మంది ఆ వారంలో సోషల్ మీడియా చూశామన్నారు, చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు మూడింట రెండు వంతులు. రీల్ కింద రెండు వరుసల వ్యాఖ్య చదవడానికీ, రెండు వందల పేజీల పాటు ఒక మనిషి జీవితాన్ని వెంబడించడానికీ కావలసిన ఓపిక వేరు. ఫోను లాక్కుంటే ఆ ఓపిక రాదు. ఫోను చేతిలో లేని ఇరవై నిమిషాలు రోజూ బడిలో దొరికితే కొద్దికొద్దిగా వస్తుంది. ఇంట్లో చదివించమని తల్లికి చెప్పడం కంటే బడిలో చదివించడం మేలనేది ఇందుకే.

మూడోది భాష. మన ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియం వైపు మళ్లాక, ఇంకా తెలుగు కథలు చదివించడం పిల్లలను వెనక్కి లాగడమే అనే అభిప్రాయం బలపడింది. ఇది పొరపాటు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్‌తో 2020 నుంచి రాష్ట్రం పాఠ్యపుస్తకాలు అచ్చు వేసిందంటేనే పిల్లకు అర్థమయ్యే భాష తోడు లేకుండా పరాయి భాష ఎక్కదని ఒప్పుకున్నట్టు. కథ ఎటు పోతుందో ఊహించడం, చెప్పని విషయాన్ని పట్టుకోవడం, పాత్ర మాటల్లో అబద్ధాన్ని పసిగట్టడం, ఇవన్నీ ఒక భాషలో నేర్చుకుంటే మరో భాషలో పనికొస్తాయి. తెలుగులో లోతుగా చదివిన పిల్లే రేపు ఇంగ్లిష్ నవల పట్టగలదు. రెండూ బీరువాలో ఉండనివ్వండి, ఎంచుకునేది పిల్ల.

ఏ పుస్తకాలు పెట్టాలన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. నీతికథలు, మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జి, ఇవే బడి బీరువాల్లో ఎప్పుడూ కనిపిస్తాయి. అవి ఉండాలి, అవే ఉండకూడదు. పదమూడేళ్ల పిల్ల తనలాంటి మనుషుల్ని, తన యాసను పుస్తకంలో చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం మరి దేనివల్లా కలగదు. మన జిల్లా పిల్లలకు ఆ అదృష్టం ఉంది. కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన 'దర్గామిట్ట కతలు' నెల్లూరు మాటతీరులో, ఒక ముస్లిం పిల్లవాడి కళ్లతో నడుస్తాయి. పొరుగున పాత చిత్తూరు జిల్లా పల్లెల నుంచి నామిని 'పచ్చనాకు సాక్షిగా' ఉంది. ముళ్లపూడి 'బుడుగు' ఉంది. జపాను బడిపిల్ల తొత్తోచాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా దొరుకుతుంది, వేరే తరహా బడి ఎలా ఉంటుందో అందులో చూసిన పిల్లలు ఉపాధ్యాయులను మంచి ప్రశ్నలు అడుగుతారు. శ్రీహరికోట రాకెట్లను ఆకాశంలో చూస్తూ పెరిగే పిల్లలకు కలాం 'ఒక విజేత ఆత్మకథ' దూరపు పుస్తకం కాదు. పాత చందమామ సంచికలు దొరికితే ఇంకేం కావాలి? మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి సంస్థల ప్రచురణలు తక్కువ ధరకే వస్తాయి. డిటెక్టివ్ నవల అడిగినా, సినిమా తారల జీవితం అడిగినా కాదనకూడదు. పిల్ల తనంతట తాను పూర్తి చేసిన మొదటి పుస్తకం ఏదైనా గొప్పదే.

డబ్బు ఎక్కడిదంటారా? సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఏర్పాటు ఉంది. దానికంటే ముఖ్యమైనది, మన ఇళ్ల నుంచే వెళుతున్న డబ్బు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీలు, మునిసిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అలా జమ కాని బకాయిల గురించి గ్రంథాలయ సంస్థలు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నాయి. సెస్సు కడుతున్న ప్రతి ఇంటికీ తమ ఎనిమిది పైసలు ఎటు పోయాయని గ్రామసభలో అడిగే హక్కుంది. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు శాఖా గ్రంథాలయంలో ఉన్నా, బడి వదలగానే ఆటో ఎక్కి పల్లెకు పోయే పిల్లకు అవి అందవు. కాబట్టి పుస్తకమే బడికి రావాలి. ఇందులో కొత్తేమీ లేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నాటి నుంచి అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా గ్రంథాలయం కోసం తిరిగారు. 1918లో వేటపాలెం వంటి చిన్న ఊరు సారస్వత నికేతనాన్ని నిలబెట్టుకుంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించారు. పడవ మీద పుస్తకం వెళ్లగలిగిన రాష్ట్రంలో, శాఖా గ్రంథాలయం నుంచి అదే ఊళ్లోని హైస్కూలుకు నెలకొకసారి వంద పుస్తకాల పెట్టె వెళ్లలేదా?

అసలు అడ్డు డబ్బు కాకపోవచ్చు, తాళం. చాలా హైస్కూళ్లలో లైబ్రేరియన్ ఉండరు. గ్రంథాలయం ఎవరో ఒక ఉపాధ్యాయుడి మీద అదనపు బాధ్యత. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాలి, బదిలీ అయ్యేటప్పుడు అప్పగించాలి. ఇంత జంజాటం ఉన్నప్పుడు బీరువాకు తాళం వేసుకోవడం ఆ ఉపాధ్యాయుడి తప్పు కాదు. పుస్తకాలు వాడకానికే అన్నదాన్ని మన పొరుగు తమిళనాడులో పుట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రంగా పెట్టారు. మన బీరువాల్లో ఆ సూత్రం నడవాలంటే జిల్లా విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఏడాదికి పదిలో ఒక పుస్తకం చిరిగినా, పోయినా ఎవరి జీతంలోనూ కోత పడదని, దాన్ని ఖర్చు కిందే రాసుకోవచ్చని. తరగతికొక పిల్లకు, పిల్లవాడికి ఇచ్చి పుచ్చుకునే పుస్తకాల చిట్టా అప్పగిస్తే వాళ్లు మనకంటే జాగ్రత్తగా చూసుకుంటారు.

చివరి అభ్యంతరం నిజంగా బరువైనది. పీరియడ్ పెట్టి చదివిస్తే అదీ మరో సబ్జెక్టు అయిపోదా, ఇష్టం చచ్చిపోదా? అయిపోతుంది, మనం జాగ్రత్తపడకపోతే. చదివాక సారాంశం రాయమన్నా, మార్కులు వేసినా, ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకు బహుమతి అన్నా పిల్లలు వెంటనే కనిపెట్టి గైడు దారి పడతారు. అందుకే నిర్బంధం వేళకే ఉండాలి, పుస్తకానికి ఉండకూడదు. నచ్చకపోతే పది పేజీల దగ్గర మానేసే హక్కు పిల్లకు ఉండాలి. ఆ ఇరవై నిమిషాలూ ఉపాధ్యాయుడు కూడా పుస్తకం పట్టుకుని కూర్చోవాలి, నోట్సులు దిద్దుతూ కాదు. వారానికోసారి ఎవరైనా తాము చదివింది చెబితే చాలు, చెప్పకపోయినా ఫరవాలేదు. 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం' పేరుతో పాఠశాల విద్యాశాఖే ఒక మంచి కార్యక్రమం మొదలుపెట్టింది. ఉద్యమంగా వచ్చే దేనికైనా ఒక బలహీనత ఉంటుంది, అధికారి మారినప్పుడు, ఆ ఏటి సర్క్యులర్ పాతబడినప్పుడు అది చల్లబడుతుంది. టైంటేబుల్‌లోకి ఎక్కిన డ్రిల్ పీరియడ్‌కు ఆ భయం లేదు. నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో వక్తృత్వ పోటీలు పెట్టే ఉత్సాహంలో కొంత, ఏడాది పొడవునా నడిచే ఆ ఇరవై నిమిషాల మీద పెట్టాలి.

ఇదంతా మొదలుపెట్టడానికి కొత్త పథకం కోసం చూడనక్కర్లేదు. మనుబోలులోనో, మరే మండల కేంద్రంలోనో ప్రధానోపాధ్యాయుడు వచ్చే జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడే మధ్యాహ్న భోజనం తర్వాతి ఇరవై నిమిషాలను ఆరు నుంచి తొమ్మిది దాకా అన్ని తరగతులకూ కేటాయించవచ్చు. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఇంటికొక పాత పుస్తకం అడగవచ్చు, ఆ ఊరి నుంచి చదువుకుని చెన్నైలో, హైదరాబాదులో స్థిరపడ్డవాళ్లను పది పుస్తకాలు అడగవచ్చు. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజున ప్రతి పిల్లకూ మూడు పుస్తకాలు చేతికిచ్చి వేసవి సెలవులకు పంపించాలి, ముఖ్యంగా ఆడపిల్లలకు. సెలవుల్లో మగపిల్లలు మైదానానికో, నెల్లూరుకో పోతారు, ఆడపిల్లల్లో చాలామంది ఇంటి గడప దాటరు. ఆ పుస్తకాలను బడి తెరిచాక వెనక్కి తెప్పించుకుని, తిరిగి రానివాటిని రిజిస్టరులో కొట్టేసి, కొత్త తొమ్మిదో తరగతికి ఇవ్వాలి.